కొండకీ కడలికీ నడుమ పాతిక కిలోమీటర్లు: ఉద్దానం, మహేంద్రగిరి ప్రయాణంపై సమీక్ష

శ్రీకాకుళం జిల్లా బారువ తీరంలో సముద్రానికి వీపు పెట్టి నిలబడితే, కొబ్బరి మట్టల పైన నీలంగా ఒక కొండ కనిపిస్తుంది. అది మహేంద్రగిరి; ఎత్తు 1,501 మీటర్లు. రోడ్ల వంపులు వదిలేసి తిన్నగా లెక్క వేస్తే, మన కాలి కింది ఇసుకకూ ఆ శిఖరానికీ మధ్య దూరం సుమారు పాతిక కిలోమీటర్లే. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ నది ఒడిశా, ఆంధ్ర పల్లెల మీదుగా దిగివచ్చి ఈ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది. కొండకూ కడలికీ నడుమ మిగిలిన ఆ ఇరుకు నేల మీద కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి తోటలు ఎడతెగకుండా పరచుకుని ఉంటాయి. దానినే ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాటే జనం నోట నలిగి ఉద్దానమైందని చెబుతారు. జనవరి నెలాఖరులో నేనూ, మా ఆవిడా, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారూ ఈ ప్రాంతంలో నాలుగు పగళ్లు, మూడు రాత్రులు గడిపి వచ్చాం. బస, బండి, భోజనం, చూసిన చోట్లు అన్నీ కలుపుకుని ఈ యాత్ర ఎవరికి నప్పుతుందో, ఎవరికి నప్పదో చెప్పడమే ఈ సమీక్ష ఉద్దేశం.

ఒక సంగతి ముందే చెప్పాలి. అరకు వెళ్లినట్టు ఇక్కడికి వెళ్లకూడదు. అరకులో బస్సు దిగిన క్షణం నుంచి మనల్ని తిప్పి చూపించడానికి ఒక ఏర్పాటు సిద్ధంగా ఉంటుంది. ఉద్దానంలో పర్యాటకుడి కోసమని తయారు చేసిపెట్టినది దాదాపు ఏమీ లేదు. తోటలు రైతులవి, తీరం మత్స్యకారులది, కొండ సవర గిరిజనులదీ భక్తులదీ. వాళ్ల పనివేళల మధ్య మనం వెళ్లి చూసి రావాలి. ఈ మాట నేను మెప్పుగా చెబుతున్నానో, ఫిర్యాదుగా చెబుతున్నానో నాలుగు రోజుల్లో నాకే రెండు మూడుసార్లు మారింది.

చేరుకోవడం మాత్రం తేలిక. పలాస స్టేషను హౌరా–చెన్నై ప్రధాన మార్గంలో ఉంది, సికింద్రాబాద్ నుంచి భువనేశ్వర్ వెళ్లే విశాఖ ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది, 16వ నంబరు జాతీయ రహదారి ఊరిని ఒరుసుకునే పోతుంది. పూరీ వెళ్లేటప్పుడు ఎన్నోసార్లు ఈ స్టేషనులో కిటికీలోంచి జీడిపప్పు పొట్లం కొనుక్కుని ముందుకు సాగిపోయిన వాళ్లమే మేమూ. ఈసారి దిగాం. స్టేషను బయట మాట్లాడుకున్న కారుకు రోజుకు 3,200 రూపాయలు, కొండ ఎక్కే రోజు మరో వెయ్యి, డ్రైవరు భోజనం మాదే. నాలుగు రోజుల్లో పెట్టిన ఖర్చులో అణా పైసలతో సహా గిట్టుబాటైనది ఇదే అంటాను. ఆ కుర్రవాడికి ఏ ఊరి చెరువు ఎప్పుడు నిండుతుందో, ఏ తోటలోకి అడగకుండా వెళ్లవచ్చో, ఎక్కడ అడిగి వెళ్లాలో తెలుసు. తెలియని చోట తెలియదని చెప్పి, బండి ఆపి, ఎవరినో పిలిచి కనుక్కునేవాడు. గైడు అని పేరు పెట్టుకుని నోటికొచ్చిన కథ చెప్పేవాళ్లను చాలామందిని చూసిన నాకు ఈ గుణం అపురూపంగా తోచింది.

మొదటి రాత్రి బస దగ్గర మాత్రం దెబ్బ తిన్నాం. కాశీబుగ్గలో బజారుకు దగ్గరగా ఉన్న ఒక లాడ్జిలో ఫోటోలు చూసి రెండు గదులు తీసుకున్నాం, గదికి 1,800. ఫోటోలో ఉన్న తెల్లటి దుప్పటి నిజంగానే ఉంది గానీ, దాని కింది పరుపు నడుమ ఒక గుంట పడి, ఎటు దొర్లినా మనిషిని అందులోకే చేర్చుతున్నది. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్లు అని బోర్డు మీద రాసి ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకు అడిగితే, గీజరు స్విచ్చు ఆరు గంటలకు వేస్తామని కౌంటరులో నిద్రకళ్లతో ఉన్న అబ్బాయి చెప్పాడు. కొండ ప్రయాణం అయిదింటికి. జనవరి చలిలో మా అత్తగారు చన్నీళ్లతో స్నానం కానిచ్చి, ఆ రోజంతా ఆ లాడ్జి ప్రస్తావన వచ్చినప్పుడల్లా భుజం మీద కొంగు బిగించుకునేవారు. ఆ డబ్బుకు అది తగిన గది కాదు. పలాసలో దిగేవారు గది కళ్లతో చూసి, కుళాయి తిప్పి చూసి, ఆ తర్వాతే సంచులు దింపుకోవడం మేలు.

మొదటి రోజు పగలు జీడి పరిశ్రమకు కేటాయించాం. పలాస, కాశీబుగ్గ జంట పట్టణంలో వీధి వీధికీ ఒక జీడి కర్మాగారం కనిపిస్తుంది. బట్టీలో జీడిపిక్కలు వేగే ఘాటు వాసన మధ్యాహ్నం వేళ ఊరంతా కమ్ముకుంటుంది. అడిగితే లోపలికి రానిచ్చిన ఒక చిన్న కర్మాగారంలో గంటసేపు నిలబడి చూశాం. వరుసగా కూర్చున్న ఆడవాళ్లు ఎడమచేత్తో పిక్కను కత్తిరించే మిషను మీద నిలిపి, కుడిచేత్తో పిడి ఒత్తి, పప్పు చితకకుండా డొల్లను రెండుగా విడదీస్తున్నారు. డొల్లలోని జీడి రసం తగిలితే చర్మం కాలిపోతుంది. వాళ్ల వేళ్ల చివరలు నల్లబారి ఉన్నాయి. పక్క గదిలో పొట్టు తీసి గుండ్లు, బద్దలు, ముక్కలు వేరు చేస్తున్నారు. డబ్బా మీద 240 అని ఉంటే పౌనుకు 240 గుండ్ల లోపు తూగే పెద్ద రకం, 320 అంటే అంతకన్నా సన్న రకం అని అక్కడే తెలిసింది. ఇంకొక సంగతి మమ్మల్ని ఆశ్చర్యపరిచింది: ఇంత జీడి సీమలోనూ కర్మాగారాలకు స్థానికపు పిక్క చాలక, ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించుకుంటారు. పలాస జీడిపప్పు అని మనం కొనే పొట్లంలో పలాసది చేతిపని కావచ్చు, పిక్క మాత్రం సముద్రం దాటి వచ్చినదై ఉండవచ్చు. కొనదలచినవారు కర్మాగారం పక్కనే ఉన్న దుకాణంలో బద్దలు తీసుకోవడం లాభం. కూరల్లోకీ పాయసంలోకీ గుండు అక్కర్లేదు కదా.

ఆ సాయంత్రం టెక్కలి వైపు వెళ్లి తేలినీలాపురం చూశాం. నౌపడ ఉప్పు మళ్ల మీదుగా పొద్దు వాలుతున్న వేళకు ఊళ్లోకి చేరితే, చింతచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు కట్టుకుని, పిల్లల నోళ్లలో చేపలు వదులుతున్నాయి. ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. నిజానికి ఈ రెండు రకాల పక్షుల కాపురమూ మన దక్షిణ ఆసియా చుట్టుపక్కలే. ఆ దూరపు పేరు వాటికి ఎలా అంటుకుందో గానీ, ఊరివాళ్లు వాటిని చూసుకునే తీరులో మాత్రం లోటు లేదు. ఒక ఇంటి పెరట్లో ఆరేసిన బట్టలన్నీ రెట్టలతో తెల్లబడి ఉంటే, ఆ ఇల్లాలు విసుక్కోకుండా మళ్లీ నీళ్లలో జాడిస్తున్నది. అక్టోబరు నుంచి మార్చి దాకా వెళ్లినవారికి ఈ పక్షులు దక్కుతాయి. టికెట్టు కన్నా ముందు బైనాక్యులర్లు సర్దుకోవలసిన చోటు ఇది, మేం మరిచిపోయాం.

రెండో రోజు మహేంద్రగిరి. ఆంధ్ర వైపు మందస అడవిలోంచి కాలిబాటలున్నా, బండి ఎక్కే రోడ్డు ఒడిశాలోని గజపతి జిల్లా వైపు నుంచే. "ఐదుకల్లా బయల్దేరిపోదాం సార్, పొద్దెక్కితే కొండ మీద మబ్బట్టేస్తది, ఏటీ కనపడదు," అని డ్రైవరు ముందురోజే హెచ్చరించాడు. చీకట్లో బయలుదేరాం. ఘాట్ రోడ్డు మొదలయ్యే సరికి తెల్లవారింది. కింద జీడిమామిడి, పైన సవరల పోడు చేలు, ఇంకా పైన దట్టమైన అడవి, అన్నిటికీ మీద గాలికి ఒకే వైపు వంగిన పొట్టి గడ్డి. ఒక్క గంటలో నాలుగు రకాల పచ్చదనం దాటి వెళ్లిన అనుభవం తూర్పు కనుమల్లో మరెక్కడా నాకు కలగలేదు. రోడ్డు చివరి మలుపుల్లో బండి మొదటి గేరులో మూలిగింది. సొంత కారులో వెళ్లేవారు, అందులోనూ కొండ రోడ్లు అలవాటు లేనివారు, ఇక్కడి డ్రైవరునే పెట్టుకోవడం మంచిది.

పైన పాండవుల పేర్లతో ఉన్న రాతి గుళ్లు ఒకదానికొకటి దూరదూరంగా ఉన్నాయి. అన్నిటికన్నా ఎత్తున భీముడి గుడి. పేరుకు తగ్గట్టు పెద్దదేమో అనుకుని వెళితే, మనిషి లోపల సరిగా మసలడానికి చాలని చిన్న గుడి. కానీ దాన్ని పేర్చిన రాళ్లు ఒక్కొక్కటీ చూస్తే భీముడి పేరు ఎందుకు వచ్చిందో అర్థమవుతుంది. సున్నం కనబడదు, బరువే బంధం. కుంతి గుడిని గోకర్ణేశ్వరుడి ఆలయంగా చెబుతారు. వంశధార ఒడ్డున ముఖలింగంలో, అంటే అప్పటి కళింగనగరంలో, కొలువుండి ఏలిన తూర్పు గాంగులు తమ శాసనాల్లో మహేంద్రాచల శిఖరం మీది గోకర్ణస్వామి పాదాలకు మొక్కిన తరువాతే మాట మొదలుపెట్టేవారు. దక్షిణం నుంచి దండెత్తి వచ్చిన రాజేంద్ర చోళుడు తన గెలుపు శాసనాన్ని చెక్కించడానికి ఈ కొండనే ఎంచుకున్నాడు. సప్త కులపర్వతాల్లో ఒకటిగా పేరుపడి, పరశురాముడు తపస్సు చేసుకుంటున్న చోటుగా జనం నమ్మే కొండ మీద జెండా పాతితే కింది దేశమంతా పాతినట్టేనని అతనికి తెలిసే ఉంటుంది. ఇన్ని సంగతులున్న చోట వీటిని చెప్పే ఒక్క పలక తెలుగులో కనబడలేదు. శివరాత్రికి ఇక్కడికి ఆంధ్ర పల్లెల నుంచి వేలాదిగా నడిచి వస్తారు కదా, వాళ్లకైనా చదువుకోవడానికి నాలుగు వాక్యాలు ఉంటే బాగుండేది.

మేం పైకి చేరిన ముప్పావుగంట దాకా ఆకాశం తేటగా ఉంది. తూర్పున సముద్రం ఒక వెండి గీతలా, దాని ఇవతల ఉద్దానం నల్లటి పచ్చ చారలా కనిపించింది. తొమ్మిదిన్నర దాటగానే లోయలోంచి మబ్బు లేచి, ముందు రోడ్డును, తరువాత గుడిని, ఆ తరువాత పక్కనే నిలబడ్డ మా ఆవిడను మింగేసింది. పది గజాల అవతలి నుంచి మా అత్తగారి దగ్గు మాత్రం వినిపించింది. ఆవిడ భీముడి గుడి దాకా ఎక్కలేకపోయారు. రాళ్ల మధ్య బాట పెద్దవాళ్ల మోకాళ్లకు తగినది కాదు, మధ్యలో కూర్చోవడానికి నీడ లేదు. తినడానికి ఏమీ దొరకదనే అనుకుని వెళ్లాలి. మేం తీసుకెళ్లిన ఇడ్లీలు, నీళ్లు, ఉన్ని శాలువలు మూడూ పనికొచ్చాయి.

దిగి వస్తూ మందసలో ఆగాం. ఇక్కడి వాసుదేవ పెరుమాళ్ ఆలయం ఒడిశా పద్ధతి శిఖరంతో, గోడల మీద సున్నితమైన చెక్కడాలతో ఉంటుంది. నిదానంగా ఒక గంట గడపదగ్గ గుడి. అయితే నిజాయితీగా చెప్పాలంటే మేం మందస వెళ్లింది కోవా కోసం. ఒక దుకాణం వెనక పొయ్యి దగ్గర నిలబడి చూడనిచ్చారు. వెడల్పాటి బాణలిలో పాలు సగానికి సగం, ఆ సగానికీ సగం మరిగి, అంచుల్లో గోధుమరంగు మీగడ కడుతుంటే, అట్లకాడతో ఆ మీగడను గోకి మళ్లీ నడుమకు కలుపుతూ ఒకాయన గంటల తరబడి అక్కడే ఉన్నాడు. చక్కెర చివర్లో, అదీ కొద్దిగా. ఆకులో పెట్టి ఇచ్చిన వేడి కోవా నాలుక మీద ఇసుకలా గరగరలాడి, అంతలోనే కరిగింది. పాల తీపి ముందు వచ్చి, చక్కెర తీపి వెనకబడింది. నగరాల్లో మందస కోవా పేరుతో అమ్మే గట్టి బిళ్లలకూ దీనికీ చుట్టరికం పేరు వరకే. రెండు కిలోలు కట్టించుకుని, ఇంటికి చేరేదాకా ఉంటుందా అని అడిగితే, "రెండ్రోజులుంటది, మూడోనాడుకి మాట ఇవ్వలేను," అన్నాడు. అమ్మేవాడి నోట ఆ మాట విన్నాక మరో అరకిలో కొన్నాను.

రెండో రాత్రి నుంచి మా బస కవిటి దగ్గర ఒక కొబ్బరితోటలో, రైతు కుటుంబం తమ మేడ మీది రెండు గదులను వచ్చిపోయేవారికి ఇస్తున్న ఇల్లు. డ్రైవరు చెబితే వెళ్లాం. గదికి 1,000, భోజనం మనిషికి పూటకు 150. ఏసీ లేదు, టీవీ లేదు, అవసరమూ పడలేదు. కిటికీ తెరిస్తే కొబ్బరి మట్టల రాపిడి, దాని వెనక ఎక్కడో సముద్రపు హోరు. పగలు పనసపొట్టు కూర ఆవ పెట్టి, చందువా చేప వేపుడు, కొబ్బరి పచ్చడి. ఉదయం చోళ్ల (రాగుల) అంబలి, ఉల్లిపాయ. లేత పనసకాయను కత్తిపీట దగ్గర కూర్చుని, చేతులకు నూనె రాసుకుని, పొట్టుగా కొట్టడం ఆ ఇంటావిడ మా ఆవిడకు దగ్గరుండి చూపించింది. "ఏటమ్మా, పిట్టకి పెట్టినట్టు పెట్టుకున్నావు? ఇంకాసింత ఏసుకో," అని ఆవిడ గరిటె పట్టుకుని నిలబడితే వద్దనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గోదావరి వంటకు అలవాటుపడిన మా అత్తగారికి ఆవ ఘాటు మొదటి ముద్దకు నసాళానికి ఎక్కింది. మూడో ముద్దకు ఆవిడే మళ్లీ వడ్డించుకున్నారు. నాలుగు రోజుల్లో నూటికి నూరు మార్కులు వేయదగ్గది ఈ ఇల్లు ఒక్కటే.

లోపం ఒకటుంది. స్నానాల గది కిందే ఉంది. రాత్రివేళ పెద్దవాళ్లు మేడమెట్లు దిగి వెళ్లాలి.

తాగునీటి సంగతి అడగకుండా ఉద్దానం వెళ్లకూడదు. ఇక్కడి పల్లెల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల జబ్బు ఎందరినో పొట్టన పెట్టుకుంది. ఎన్ని పరీక్షలు జరిగినా కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. మేం నీళ్ల సీసాలు పట్టుకుని గేటు దాటగానే ఇంటాయన గమనించినట్టున్నాడు. వంశధార నీటిని హిరమండలం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే పథకం 2023 డిసెంబరులో మొదలైందని, పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కూడా అప్పుడే తెరిచారని, తాము తాగేది ఆ కుళాయి నీళ్లేనని ఆయన తనంతట తానే చెప్పాడు. ఆ సాయంత్రం మేం సీసాలు పక్కన పెట్టి ఆ నీళ్లే తాగాం. అక్కడి మనుషుల ముందు సీసా మూత తిప్పడం ఎంత ఇబ్బందిగా ఉంటుందో వెళ్లినవారికే తెలుస్తుంది.

తోటల్లో నడుస్తుంటే ఒక తేడా కంటికి ఆనుతుంది. కొన్ని చోట్ల చెట్లు ఆకాశమెత్తు ఉంటే, మరికొన్ని చోట్ల తోట తోటంతా ఒకే వయసు, ఒకే ఎత్తు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు పోయిన తోటల స్థానంలో తిరిగి నాటినవి ఇవి. కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అంటే ఆ ఆరేడేళ్లూ చేతికందవలసిన ఆదాయం మొత్తం ఒక్క రాత్రిలో పోయి, మళ్లీ ఇప్పుడిప్పుడే గెల కనబడుతున్నదన్నమాట. ఇంటాయన ఒక చెట్టు మొదలు మీద అరచెయ్యి వేసి, "ఇది నిలబడింది. దీని చుట్టూ ఉన్నవి నలభై రెండు పడ్డాయి," అన్నాడు. లెక్క ఆయనకు నోటికే ఉంది. ఫోటోల్లో అడవిలా కనిపించే ఈ పచ్చదనంలో మనిషి చెయ్యి పడని చెట్టు అరుదు. తోటల్లో తిరిగేవారు రాలిన కాయనైనా అడిగి తీసుకోవాలి.

మూడో రోజు తెల్లవారుజామున బారువ. తీరం వెడల్పుగా, శుభ్రంగా ఉంది. సూర్యోదయం వేళ మేం ముగ్గురం, వలలు సర్దుకుంటున్న మత్స్యకారులు, కుక్కలు తప్ప ఎవరూ లేరు. మహేంద్రతనయ సముద్రంలోకి జారే చోట మంచినీళ్ల రంగు, ఉప్పునీళ్ల రంగు కలవకుండా కొంతదూరం పక్కపక్కనే నడుస్తాయి. ముందురోజు మమ్మల్ని మింగిన మబ్బు ఇప్పుడు కొండ తలకు పాగాలా చుట్టుకుని ఉంది. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే కాలం అప్పుడే మొదలైంది. సేకరించిన గుడ్లను పాతిపెట్టి కాపాడటానికి ఇసుకలో వలతో కట్టిన చిన్న దడి చూశాం. గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చేది మార్చి, ఏప్రిల్ నెలల్లో. ఈత సంగతి మరిచిపోవాలి: ఏటి మొగ దగ్గర నీటి లాగుడు ఎక్కువ, మేం వెళ్లిన పూట కాపలా మనిషి ఎవరూ లేడు. ఒక ముసలి మత్స్యకారుడు పిలవకపోయినా వచ్చి, ఎక్కడిదాకా దిగవచ్చో కర్రతో ఇసుకలో గీత గీసి మరీ వెళ్లాడు.

బారువ నుంచి సోంపేట వెళ్లే దారిలో బీల వస్తుంది. ఏడాది పొడుగునా తడి ఆరని లోతట్టు నేల, తుంగ, తామర, గేదెలు, కొంగలు. 2010 జూలై 14న ఇక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న రైతులు, మత్స్యకారుల మీద జరిగిన పోలీసు కాల్పుల్లో ఇద్దరు మరణించారు. విద్యుత్ కేంద్రం రాలేదు, బీల మిగిలింది. పది నిమిషాలు బండి ఆపి చూడదగ్గ చోటు.

ఆ మధ్యాహ్నం చేసిన పొరపాటు పూర్తిగా మాది. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో ఊరి చెట్ల నిండా కొంగలుంటాయని ఎక్కడో చదివి, నెల చూసుకోకుండా వెళ్లాం. తేలినీలాపురం పక్షుల కాలం వేరు, తేలుకుంచివి వేరు. ఇక్కడికొచ్చే చిల్లుముక్కు కొంగలు వానలతో పాటు జూన్‌లో దిగి, పిల్లలు ఎగరడం నేర్చాక శీతాకాలానికి వెళ్లిపోతాయి. మాకు కనిపించినవి ఖాళీ గూళ్లు, చెట్ల కింద గుట్టగా నత్తగుల్లలు. "ఇప్పుడొచ్చారేటి? అవి రాకపోతే మాకు వానల్లేనట్టే, అందుకే ఊరంతా ఎదురుచూస్తాం," అని అరుగు మీది పెద్దాయన నవ్వాడు. ఆ ఊరివాళ్లు కొంగను తోలరు, గూడు ఉన్న కొమ్మ కొట్టరు. చూడలేకపోయినందుకు విచారం మిగిలింది.

నాలుగో రోజు తిరుగు రైలు శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో ఎక్కవలసి ఉండటంతో, దారిలో కళింగపట్నం, శాలిహుండం చూసుకుంటూ వచ్చాం. కళింగపట్నం పాత రేవు. దీపస్తంభం, విశాలమైన ఇసుక, సెలవు రోజు జనం. బారువ చూసిన కంటికి సాదాగా అనిపిస్తుంది. శాలిహుండం అలా కాదు. వంశధార దక్షిణపు గట్టున ఒక చిన్న కొండ, దాని మీదికి రాతి మెట్లు, పైన ఇటుక స్తూపాల పునాదులు, చైత్యాలు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్ది నుంచి వెయ్యేళ్లకు పైగా బౌద్ధులు ఇక్కడ ఉన్నారు. కింది ప్రదర్శనశాలలోని తార, మారీచి దేవతల విగ్రహాలు ఆ చివరి కాలపు బౌద్ధ శాఖ వజ్రయానాన్ని చూపిస్తాయి. 1919లో ఈ చోటును మొదట గుర్తించి లోకానికి చెప్పినవారు గిడుగు రామమూర్తి. వాడుక భాష కోసం, సవరల భాష కోసం బతుకంతా వెచ్చించిన ఆయన పుట్టిన పర్వతాలపేట కూడా ఈ వంశధార ఒడ్డుదే. మెట్ల మీద నిలబడి ఒక పక్క ఏరు, ఇంకో పక్క సముద్రం చూస్తూ ఈ సంగతి మా అత్తగారికి చెబితే, ఒకప్పటి తెలుగు పండితురాలైన ఆవిడ చెప్పులు విడిచి మిగతా మెట్లు ఎక్కారు. మెట్లు ఒరిగిపోకుండా సమంగా ఉన్నాయి, కనుక పెద్దవాళ్లతో వెళ్లేవారికి మహేంద్రగిరి కన్నా ఇది సుఖం. శ్రీకూర్మంలో అరగంట మాత్రమే గడిపాం, అరసవల్లి గోపురానికి రోడ్డు మీంచే నమస్కరించాం. శ్రీముఖలింగానికి వేళ చాలలేదు. ఆ మూడు గుళ్లకే ఒక పూర్తి రోజు కావాలి, వీటిని తిరుగు ప్రయాణంలో ఇరికించాలనుకోవడం మా అత్యాశ.

రైలు టికెట్లు కాకుండా ముగ్గురికీ నాలుగు రోజులకు బండి, బస, భోజనం కలిపి 24,000 రూపాయల లోపు అయింది. జీడిపప్పు, కోవా ఖర్చు వేరు. ఇదే డబ్బుతో పేరున్న కొండ ఊరికి వెళితే ఇంతకన్నా మెత్తటి పరుపులు దొరుకుతాయి, సందేహం లేదు. నడక, ఎండ, సర్దుబాటు ఇష్టపడేవారికి, పదేళ్లు దాటిన పిల్లలున్న కుటుంబాలకు, పక్షులంటే మక్కువ ఉన్నవారికి ఈ యాత్రను గట్టిగా చెబుతాను. చంటిపిల్లలతో వెళ్లేవారికి, ప్రతి మలుపులోనూ శుభ్రమైన మరుగుదొడ్డి కావలసినవారికి ఇప్పుడే చెప్పను. కొండ, తీరం రెండూ చూడాలంటే డిసెంబరు, జనవరి నెలలే అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడి ఉక్క తట్టుకోవడం కష్టమని ఊరివాళ్లే అంటారు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం కనుక వాతావరణ సూచన చూడనిదే టికెట్టు కొనకూడదు. కొండ మీద ఫోను పనిచేయడం అదృష్టం, చేతిలో నోట్లు ఉండటం అవసరం.

కోవా మూడో నాటి ఉదయానికి పులిసింది, దుకాణంవాడు చెప్పినట్టే. కవిటి ఇంటావిడకు ఫోను చేసి, తేలుకుంచి కొంగల కోసం జూలైలో వస్తామన్నాను. గది అట్టిపెడతానంది. అడ్వాన్సు ఎంత పంపమంటారని అడిగితే, "దానికేటి బాబూ, ముందు వాన రానీ," అని పెట్టేసింది.